పారబోయలేని చుక్కలు

పోయిన వారం మనం రఫూ అక్కని అద్దం ముందు వదిలేసి వచ్చాం కదా. కుడి కంట్లో ఎర్రటి జీర, రెప్ప కింద ఇసుక పోసినట్టు గరగర, అయినా సరే "ఏం లేదులే, నిద్ర చాల్లేదు" అని తనకి తనే అబద్ధం చెప్పుకుంటూ నిలబడి ఉంది. ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్లకి వెనక జరిగింది గబగబా చెప్పేస్తాను. రఫూ అక్కకి కన్నీళ్లు రావు. ఏడుపు రాక కాదు, ఏడ్చినా నీళ్లు రావు. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే దారి తప్పి కన్నీటి గ్రంథుల మీద పడి వాటిని ఎండబెట్టేసింది. మందుల షాపులో దొరికే చుక్కలన్నీ ఓడిపోయాక, కళ్ల డాక్టరమ్మ సీరం చుక్కలు మొదలుపెట్టింది. మనిషి రక్తం తీసి, గడ్డకట్టనిచ్చి, మిషన్‌లో గిర్రున తిప్పితే పైన పసుప్పచ్చటి నీరు తేలుతుంది. దాన్ని సెలైన్‌లో కలిపి చిన్న చిన్న సీసాల్లో నింపి ఫ్రీజర్‌లో పెడతారు. మామూలుగా ఎవరి రక్తంతో వాళ్లకే చేస్తారు. అక్క ఒంట్లో రక్తమే తక్కువ, తీయడానికి వీల్లేదు. అందుకని ఎవరో దాత ఇచ్చారు. ఎవరో అక్కకి తెలీదు. పేరు చెప్పొద్దని ఆ మనిషి మాట తీసుకున్నారని మాత్రం తెలుసు.

ఆ చుక్క మొదటిసారి పడ్డ రోజు సంగతి అక్క ఇప్పటికీ అందరికీ చెప్తుంది. ఎండిన మట్టి మీద తొలి వాన పడ్డట్టు కన్ను ఆ చుక్కని తాగేసిందట. కొన్ని వారాలు తిరిగేసరికి ఉన్ని కోటు మీద నిలువు పోగేదో అడ్డం పోగేదో మళ్లీ విడివిడిగా కనిపించాయి. సూదిలోకి దారం మొదటి ప్రయత్నంలోనే వెళ్లింది. వెళ్లగానే అక్క సూదిని పైకెత్తి షాపంతా చూపించింది, పతకం గెలిచినట్టు! అప్పటినుంచి చుక్క వేసుకున్న ప్రతిసారీ తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, పెదాల కింద ఒకటే మాట. "ఎవరివో గానీ, చల్లగా ఉండు."

ఇక షాపు. చిరిగిన బట్టకి పోగు పోగూ అల్లి, చిల్లు కనపడకుండా పూడ్చే రఫూ షాపు. వీధి మలుపులో, పెద్ద కిటికీ ఉన్న గది. కిటికీ వెలుగు సూటిగా పడేచోట అక్క స్టూలు, పక్కన బిస్కెట్ల డబ్బాలో దారం ముక్కలు. వేలెడంత పోగు మిగిలినా అక్క పారేయదు, ఎప్పుడో ఆ బట్టే మళ్లీ చిరిగి వస్తే అదే పోగు కావాల్సి వస్తుంది. గదికి అవతలి చివర ఇస్త్రీ బల్ల. ఆ బల్ల అక్క తోడికోడలిది. మధ్యలో కౌంటర్ దగ్గర అక్క మరిది, అంటే ఆ తోడికోడలి మొగుడు. కస్టమర్లు అతన్ని పోస్టాఫీసు అంటారు. ఎందుకంటే ఆ గదిలో ఆడవాళ్లిద్దరూ ఏళ్ల తరబడి ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఏం చెప్పాలన్నా అతని మీదుగానే చెప్పుకుంటారు.

అంతా ఒక శాలువా వల్ల. బూడిద రంగు ఉన్ని శాలువా, నడిమధ్యలో చిల్లు. అప్పటికి తోడికోడలు కొత్తగా వచ్చింది, రఫూ నేర్చుకోవాలని మహా ఉత్సాహం. అక్క బయటికి వెళ్లిన సమయంలో ఆ శాలువా చేతిలోకి తీసుకుని, పోగు లాగడానికి దానికి లోపలి మడతేదీ లేదని, డబ్బాలోంచి దగ్గర రంగు దారం తీసి చిల్లు పూడ్చేసింది. రఫూలో అక్కకి ఒకే ఒక పట్టింపు ఉంది. బట్టని దాని పోగుతోనే బాగుచేయాలి. అంచులోంచో, లోపలి కుట్టులోంచో లాగి తీయాలి. బయటి దారం పెడితే ఉతికిన మొదటిసారే అది ముడుచుకుని బట్టని పీకుతుంది. శాలువా ఆవిడ తీసుకోవడానికి వచ్చి నిలబడి ఉంటే, ఆవిడ ముందే అక్క కత్తెర తీసి ఆ రఫూ మొత్తం కత్తిరించేసింది. చిల్లు ముందుకంటే పెద్దదైంది. ఆవిడ శాలువా మడతపెట్టుకుని వెళ్లిపోయింది. తోడికోడలు ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. అంతే, మళ్లీ సూది పట్టలేదు, అక్కతో మాట్లాడలేదు.

సరే, ఈ వారానికి వద్దాం.

కౌంటర్ మీద ఒక నల్ల కోటు ఉంది. మోచేతి దగ్గర నిప్పురవ్వ పడి చిల్లు. అక్క దాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది, దించింది, మళ్లీ ఎత్తింది. పోగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. సూదిలోకి దారం వెళ్లలేదు. మళ్లీ వెళ్లలేదు. ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగింది.

"ఏవండీ, ఎవరికో కన్ను ఎర్రగా ఉన్నట్టుంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే బాగుంటుందేమో చెప్పండి."

పోస్టాఫీసు ఇటు తిరిగాడు. "వదినా, నీ కన్ను ఎర్రగా ఉందంట."

"విన్నాలే అబ్బాయ్. నాకు పాడైనవి కళ్లు, చెవులు కాదు. దుమ్ము పడిందని చెప్పు."

"దుమ్ము పడిందంట."

"దుమ్ము ఒక్క కంట్లోనే, అదీ వరసగా రోజూ పడుతుందా అని అడగండి."

"స్టాంపులు కూడా అతికించనా ఇద్దరికీ?" అన్నాడతను. కౌంటర్ దగ్గర నిలబడ్డ కస్టమర్ ఫక్కున నవ్వాడు. నవ్వనివాళ్లు ఇద్దరే.

అక్కకి లోపల గుబులుగానే ఉంది. ఈ కన్ను పోతే రెండోది కూడా దాని వెనకే పోతుందేమో. పోతే తను ఎవరు? రఫూ చేయని రఫూ అక్కని ఏమని పిలుస్తారు? డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే ఇంకో భయం. చుక్కలు పడటం లేదేమో, ఆపేద్దాం అంటే? ఆ పసుప్పచ్చ చుక్కలు ఆగిపోతాయన్న ఆలోచనే అక్కకి ఊపిరాడనివ్వలేదు. "చల్లగా ఉండు" అని చెప్పుకోవడానికి మనిషే లేకుండా పోయినట్టు అనిపించింది.

తోడికోడలు మంచినీళ్ల కోసం వెనక వంటింట్లోకి వెళ్లింది. ఫ్రిజ్ తలుపు తెరుచుకున్న చప్పుడైంది గానీ, మూసుకున్న చప్పుడు రాలేదు.

కాసేపటికి, స్టూలు పక్కనున్నలాంటిదే ఇంకో బిస్కెట్ల డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏవండీ, దారాల డబ్బాకి ఫ్రిజ్‌లో ఏం పని అని అడగండి."

అక్క స్టూలు మీంచి లేచింది. "అబ్బాయ్, అది అక్కడ పెట్టేయమను."

తోడికోడలు పెట్టలేదు. మూత తీసింది. దారం ముక్కలన్నీ చక్కగా పక్కకి జరిపి, మధ్యలో దూది పరిచి, ఆ దూది మీద ఒక సీసా పడుకోబెట్టి ఉంది. మెడ దాకా నిండుగా ఉంది. సీరం సీసా ఫ్రీజర్‌లోంచి రోజుకి ఒకటి తీసి, ఆ రోజంతా వాడుకుని, రాత్రికి మిగిలింది పారబోయాలి. ఇది ఆ ఇంట్లో అందరికీ తెలిసిన మాట, డాక్టరమ్మ అందరి ముందే చెప్పింది. కానీ అక్క ఏం చేసిందంటే, రోజూ సీసా అడుగున మిగిలే ఆ కాసిని చుక్కలని ఇందులోకి వంచుతూ వచ్చింది. దారం ముక్కల్ని దాచుకున్నట్టే దాచుకుంది. నిండాక, కొత్త సీసా మిగుల్చుకుందామని కొన్నాళ్లుగా సాయంత్రం పూట ఇందులోంచే వేసుకుంటోంది.

తోడికోడలు సీసాని వెలుగులోకి ఎత్తి చూసింది. పైపైన సన్నటి తెర తేలుతోంది.

అప్పుడు జరిగింది చూడండి. పోస్టాఫీసు పక్కనే ఉన్నాడు, అయినా ఆవిడ అటు తిరగలేదు. సూటిగా అక్క ముందుకి వచ్చి నిలబడింది.

"నీకేమైనా మతి పోయిందా?"

అక్క అలవాటుగా పోస్టాఫీసు వైపు చూసి, మళ్లీ ఇటు తిరిగింది. ఏళ్ల తర్వాత తనకే చెప్పిన మొదటి మాట అది.

"ఇది కంట్లో వేసుకుంటున్నావా? ఇది? తెరిచిన సీసా పొద్దున్నకి పనికిరాదని ఆవిడ చిలక్కి చెప్పినట్టు చెప్పలేదా?"

"ఎలా పారబోయమంటావు?" అక్క గొంతు సన్నగా వచ్చింది. "నీళ్లా ఏమైనా? ఎవరో చెయ్యి చాపి, సూది గుచ్చించుకుని ఇచ్చింది. నేనెవరో కూడా తెలీకుండా ఇచ్చిన మనిషి. తీసుకెళ్లి సింకులో పోస్తే ఆ మనిషికి ఎంత..."

"పొయ్యి! సింకులో పొయ్యి! రోజూ పొయ్యి!" తోడికోడలు అరిచింది. "అయిపోతే మళ్లీ ఇస్తాను! నాకేమైనా రక్తం కరువొచ్చిందా?"

ఇస్త్రీ పెట్టె కింద తడి గుడ్డ చుయ్‌మంది. పోస్టాఫీసు పరిగెత్తి దాన్ని తీసి, అక్కడే నిలబడిపోయాడు. భార్య మొహంలోకి చూశాడు. అతనికీ తెలీదని ఆ చూపులోనే తెలిసిపోతోంది.

అక్క మెల్లగా మళ్లీ స్టూలు మీద కూర్చుంది.

"నువ్వా?"

తోడికోడలు డబ్బా మూత పెట్టేసింది. "నేనైతే ఏం? రంగు బాలేదా?"

"ఎందుకిచ్చావే?"

"నీ కన్ను పోతే షాపులో రఫూ ఎవరు చేస్తారు? నేను చేద్దామంటే నువ్వు కత్తిరించేస్తావుగా."

"మరి చెప్పలేదే?"

"చెప్తే వేసుకునేదానివా? బయటి దారం అనేదానివి."

అక్క మొహం నలిగిపోయింది, భుజాలు ఎగిరాయి, ముక్కు ఎర్రబడింది, అన్నీ అయ్యాయి, నీళ్లు మాత్రం రాలేదు. "ఏడుస్తున్నానే నేను," అంది అక్క, నిస్సహాయంగా. "చూస్తే తెలీదు గానీ, బాగానే ఏడుస్తున్నాను."

"నీ ఏడుపు కూడా నేనే ఏడవాలా ఇప్పుడు?" అంటూనే తోడికోడలు కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకుని మళ్లీ గొంతు పెంచింది. "లే! చెప్పులేసుకో! ఏవండీ, షాపు మీరు చూసుకోండి. కోటు ఆయన వస్తే రేపు రమ్మనండి."

"నేరుగా నాకే చెప్తున్నావా, ఇంకెవరికైనా చెప్పమంటున్నావా?" అన్నాడు పోస్టాఫీసు. ఆవిడ చూసిన చూపుకి కౌంటర్ వెనక్కి వెళ్లిపోయాడు.

దారంతా తోడికోడలు అక్క మణికట్టు వదల్లేదు. ఎండ కంట్లో పొడుస్తుంటే అక్క కళ్లు మూసుకునే నడిచింది. "మెట్టు", "గుంట", "సైకిలు", అని చెల్లి చెప్తుంటే, చెప్పినచోటల్లా అడుగు వేసింది. అవును, చెల్లి అనే అంటాను ఇక. అక్క కూడా ఆ దారిలోనే, ఎక్కడో సైకిలు దాటాక, "చెల్లీ, కాస్త మెల్లగా" అంది. ఆ పిలుపుకి చెల్లి మెల్లగా నడిచింది.

కళ్ల డాక్టరమ్మ గదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. అక్క కళ్లు చూసే మిషన్‌కి గడ్డం ఆనించి కూర్చుంది. డాక్టరమ్మ రంగు కాగితం ముక్క రెప్ప లోపల తాకించి, నీలం లైటు వేసి, చాలాసేపు చూసింది. చెల్లి వెనక గోడకి అంటుకుపోయి నిలబడింది. ఆ సీసా చేతిలో అలాగే ఉంది.

"నల్లగుడ్డు అంచున చిన్న మచ్చ కనిపిస్తోంది," అంది డాక్టరమ్మ. "అక్కడ క్రిములు కాపురం పెట్టబోతున్నాయి."

"పోతుందా మేడమ్?" అక్క గడ్డం తీయకుండానే అడిగింది.

"పోనివ్వను. మధ్యలోకి రాలేదు, లోతుకీ దిగలేదు. ఇంకొన్నాళ్లు దాచుకుని ఉంటే మాత్రం ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు." లైటు ఆపి, కుర్చీ జరుపుకుని అక్క ఎదురుగా కూర్చుంది. కోప్పడుతుందనుకున్నారు ఇద్దరూ. ఆవిడ కోప్పడలేదు. "సీరంలో కంటికి కావాల్సిన తిండి ఉంటుందమ్మా. అందుకే మీ కన్ను కోలుకుంది. కంటికి తిండి అంటే క్రిమికీ తిండే. పాడవకుండా ఉండటానికి అందులో ఏ మందూ కలపం. అందుకే ఆ రోజుది ఆ రోజే."

"తెలుసు మేడమ్. పారబోయడానికి చేతులు రాలేదు."

"మీ కంట్లో పడ్డ చుక్క పని చేసింది కదా. అది చాలు. ఇచ్చినవాళ్లు కోరుకున్నదీ అదే."

"ఇస్త్రీ అయ్యాక ఆవిరిని సీసాలో పట్టి దాచుకుంటామా?" అంది చెల్లి గోడ దగ్గర్నుంచి. "బట్ట బాగుపడిందా లేదా అంతే."

డాక్టరమ్మ నవ్వింది. అక్క కూడా నవ్వింది. నవ్వితే కన్ను మండింది, అయినా నవ్వింది.

మచ్చ దగ్గర్నుంచి చిన్న నమూనా తీశారు. క్రిముల మందు చుక్కలు ఇచ్చారు, గంట గంటకీ వేయాలి. పరీక్ష ఫలితం వచ్చేదాకా సీరం ఆపాలి, తర్వాత ఫ్రీజర్‌లో ఉన్న మంచి సీసాలతోనే మళ్లీ మొదలుపెట్టొచ్చు. "మళ్లీ" అన్న మాట వినగానే అక్క రెండు చేతులూ ఎత్తి డాక్టరమ్మకి దండం పెట్టింది. "నాకు కాదు," అని ఆవిడ గోడ వైపు చూపించింది. అక్క కుర్చీలోనే పూర్తిగా అటు తిరిగింది.

తిరిగితే చెల్లి చేతులు వెనక్కి దాచేసుకుంది. "ఇప్పుడు నాకు దండాలు పెడితే నేను ఇక్కడ్నుంచి పారిపోతాను, చెప్తున్నా."

"పెట్టను. చెయ్యి ఇవ్వు."

చెల్లి చెయ్యి ఇచ్చింది. అక్క ఆ చేతిని తిప్పి, మోచేతి లోపలి వంపులో బొటనవేలితో మెల్లగా రాసింది, బట్టలో చిల్లు ఎక్కడుందో తడిమి వెతికినట్టు. అక్కడ ఏ గుర్తూ లేదు, ఎప్పుడో మానిపోయింది. అయినా అక్క అక్కడే రాస్తూ ఉంది.

"రోజూ నిన్నే దీవించాను, తెలుసా? పేరు తెలీకుండా. నువ్వు అక్కడే ఇస్త్రీ చేసుకుంటూ ఉన్నావు, నేను ఇక్కడ కళ్లు మూసుకుని 'ఎవరివో గానీ' అంటున్నాను."

"వినిపించేది," అంది చెల్లి. "అందుకే ఆ టైముకి ఇస్త్రీ ఆపేదాన్ని."

ఆ మాటకి డాక్టరమ్మ ఏదో రాసుకుంటున్నట్టు తల వంచేసింది.

అప్పుడే రక్తం విభాగం నుంచి ల్యాబ్ ఆవిడ వచ్చింది. దాచిన సీసాని కూడా పరీక్షకి పంపాలి. చెల్లి దాన్ని అందించింది, ల్యాబ్ ఆవిడ ప్లాస్టిక్ కవర్‌లో వేసుకుంది. కవర్‌ని ఎత్తినప్పుడు కిటికీ సందులోంచి వచ్చే వెలుగు ఆ పసుప్పచ్చ నీటి మీద పడింది. అక్క మంచి కన్ను చికిలించి చూసింది. ఏం చేస్తాం, రంగులు చూడకుండా ఉండలేదు ఆ మనిషి.

"అదే అడుగుదామనుకుంటున్నా చెల్లీ, ఈ మధ్య ఏం తింటున్నావు నువ్వు?"

"నేనా? ఏం తింటాను, నువ్వు వండిందే తింటున్నా. ఎందుకు?"

"మొదటి పెట్టె సీసాలన్నీ లేత నిమ్మపండు రంగు. రెండో పెట్టె తెచ్చిన దగ్గర్నుంచి కాస్త ముదిరింది, తేనె కలిపినట్టు. కళ్లు మసగ్గా ఉండి అలా కనిపిస్తోందేమో అనుకున్నా. కాదు. అది వేరే రంగే. ఒకే తానులోంచి చింపినవి కావు ఆ రెండూ."

చెల్లి చెయ్యి అక్క చేతిలో ఆగిపోయింది.

"రెండో పెట్టె ఏంటి?"

"ఇప్పుడు ఫ్రీజర్‌లో ఉన్నది. మొదటిది అయిపోయాక నువ్వు మళ్లీ ఇచ్చావు కదా, అది."

"నేను మళ్లీ ఇవ్వలేదక్కా," అంది చెల్లి. "ఇద్దామని వచ్చాను. ఈసారికి అవసరం లేదు, ఏర్పాటైంది అన్నారు. నీకే ఒంట్లో రక్తం పట్టిందేమో, నీదే తీశారేమో అనుకున్నా. నేను ఇచ్చింది ఒక్కసారే."

ఇద్దరూ ఒకేసారి డాక్టరమ్మ వైపు చూశారు. డాక్టరమ్మ ల్యాబ్ ఆవిడ వైపు చూసింది. ల్యాబ్ ఆవిడ కవర్ మూతి మడత పెడుతూ, విప్పుతూ, మళ్లీ మడత పెడుతూ ఉంది.

"పేరు చెప్పకూడదు," అంది చివరికి. "మాటిచ్చాం."

"పేరొద్దమ్మా," అంది అక్క. కుర్చీలోంచి లేచి నిలబడింది, చెల్లి చెయ్యి వదలకుండానే. "అడగను. నేను బాగున్నానని, వేసుకున్న ప్రతి చుక్కకీ తలుచుకున్నానని ఆ మనిషికి చెప్తే చాలు. తప్పు చేశాను గానీ, వాళ్లు ఇచ్చింది వృథా పోలేదని చెప్పు."

ల్యాబ్ ఆవిడ తలుపు గడియ మీద చెయ్యి వేసింది. వెళ్లిపోతుందనుకున్నారు. వెళ్లలేదు. డాక్టరమ్మ మొహంలోకి ఒకసారి చూసి, వద్దని ఆవిడ అనకపోయేసరికి, గొంతు తగ్గించింది.

"సూది గుచ్చేముందు ఆవిడ భుజం మీద శాలువా తీసి ఒళ్లో పెట్టుకున్నారు. బూడిద రంగుది. నడిమధ్యలో ఇంత చిల్లు." కవర్ పట్టుకున్న చేత్తోనే వేళ్లతో కొలత చూపించింది. "మంచి ఉన్ని కదా, రఫూ చేయించుకోవచ్చు కదండీ అన్నాను. ఆవిడ నవ్వారు. 'చేసే ఆవిడ కళ్లు ముందు బాగవ్వనీ' అన్నారు."